ఉదర బృహద్ధమని స్కానింగ్ – 3వ పాఠం: కాలిపర్ ఎక్కడ పెట్టాలి?

వెన్నుపూస ముందు, కాస్త ఎడమగా కొట్టుకునే అయోర్టాను (బృహద్ధమనిని) పట్టుకోవడం, కుడి పక్కనున్న ఐవీసీతో (శరీరం కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరతో) పొరబడకుండా చూసుకోవడం పోయిన పాఠంలో అయ్యాయి. ఇక కొలత. కొలవాల్సిన రెండు అంచుల మీద తెరపై పెట్టే గుర్తులే కాలిపర్లు.

కడుపు స్కాన్ చేసే కర్వ్డ్ ప్రోబ్ చాలు. డెప్త్‌ను వెన్నుపూస తెల్లటి గీత తెర అడుగున కనిపించేంత వరకే ఉంచండి. గెయిన్ (బొమ్మ వెలుగు) ఎక్కువైతే గోడ మందంగా పరుచుకుని కాలిపర్ పెట్టే చోటు తెలియదు. ఫ్రీజ్ చేశాక సినీ లూప్ (యంత్రం దాచుకున్న ఫ్రేముల వరస) వెనక్కి తిప్పి, ధమని బాగా ఉబ్బిన ఫ్రేమ్ తీసుకోండి.

ముందు గోడ బయటి అంచు నుంచి వెనక గోడ బయటి అంచు వరకు కొలవండి. లోపలి అంచుల మధ్య కొలిచే పద్ధతీ ఉంది. బ్రిటన్ స్క్రీనింగ్‌లో వాడేది అదే. రెండింటికీ కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తుంది. లోపల 2.7 సెం.మీ. వచ్చిన ధమని బయట 3 సెం.మీ. రావచ్చు, అంటే ఒకే మనిషికి రెండు రిపోర్టులు. అందుకే ఏ పద్ధతో రిపోర్టులో రాయాల్సిందే. గడ్డకట్టిన రక్తం పేరుకుని ఉంటే, మధ్యలోని నల్లటి దారిని కొలిచి సరిపెట్టుకోవద్దు. అసలు గోడ దాని వెనక ఉంటుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది కోత (ప్రోబ్ ధమనిని అడ్డంగానో నిలువుగానో చూపించే తలం) దగ్గరే. 20 మి.మీ. గొట్టాన్ని నిటారుగా కాక 30 డిగ్రీలు వాల్చి కోస్తే 23 మి.మీ. చూపిస్తుంది. ప్రోబ్ తలవైపుకో కాళ్లవైపుకో వాలితే ముందు-వెనక కొలత పెరుగుతుంది. ధమనే పక్కకు వంకర తిరిగితే అడ్డకొలత పెరుగుతుంది, ముందు-వెనక కొలత మాత్రం చెడదు. పైగా ముందు, వెనక గోడలు అల్ట్రాసౌండ్ కిరణానికి ఎదురుగా ఉంటాయి కాబట్టి స్పష్టంగా పడతాయి. పక్క గోడలు మసకే. అందుకే నమ్మాల్సింది ముందు-వెనక కొలతనే.

నిలువు కోతలో మోసం తిరగబడుతుంది. అదే 20 మి.మీ. గొట్టం నడిమధ్య నుంచి 6 మి.మీ. పక్కకు జరిగితే 16 మి.మీ. అని చూపిస్తుంది. ప్రోబ్‌ను మెల్లగా అటూ ఇటూ ఊపి, అతి పెద్దగా కనిపించిన చోట ఆగండి.

పెద్దవాళ్లలో కిడ్నీ ధమనుల దిగువన సుమారు 2 సెం.మీ. మామూలే, ఆడవారిలో కాస్త తక్కువ. పైనుంచి కిందికి సన్నబడుతూ రావాలి. కింద పైకన్నా లావుగా ఉంటే, అంకె 3 దాటకపోయినా రాసి పెట్టండి. 3 సెం.మీ., ఆపైన అయితే అన్యూరిజం (ధమని ఉబ్బు).

పేగుల్లో గాలి అడ్డొస్తే ప్రోబ్‌ను ఎత్తకుండా నెమ్మదిగా ఒత్తి పట్టుకోండి, గాలి పక్కకు జరుగుతుంది. అప్పటికీ కనిపించకపోతే ఎడమ పక్క నుంచి చూడండి. నొప్పి ఉన్నచోట, పెద్ద అన్యూరిజం కనిపించినచోట గట్టిగా ఒత్తొద్దు.

అభ్యాసం: ఒకే చోట మూడుసార్లు కొలవండి, ప్రతిసారీ ప్రోబ్ తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. 3 మి.మీ. కంటే తేడా వస్తే ముందు కోతను అనుమానించండి. వచ్చే పాఠంలో నాభి దగ్గర అయోర్టా రెండుగా చీలే చోటు, అక్కడి నుంచి కాళ్లవైపు వెళ్లే ఇలియాక్ ధమనులు.