కోవిడ్ లాంటి వైరస్ తిరిగే టైమ్‌లో డెంగీ, మలేరియా జ్వరాలని ఎలా మేనేజ్ చెయ్యాలి

కోవిడ్ తిరుగుతున్నప్పుడే వానలు పడి దోమలు కూడా పెరిగాయనుకోండి, అప్పుడు జ్వరం రాగానే అందరం చేసే తప్పు ఒకటే, "ఇది కోవిడే అయ్యుంటుంది, నాలుగు రోజులు రూమ్‌లో పడుకుంటే తగ్గిపోద్ది" అనుకోవడం. కోవిడ్ అయితే చాలామందికి అలాగే తగ్గుద్ది కూడా. కానీ ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా అయితే 24 గంటల్లో మందు పడకపోతే ప్రాణం మీదకి రావచ్చు. 2020లో మలేరియాతో 6 లక్షల 27 వేల మంది చనిపోయారని డబ్ల్యూహెచ్‌ఓ 2021లో వేసిన అంచనా, ముందు ఏడాది కన్నా 69 వేలు ఎక్కువ, ఆ పెరిగినదాంట్లో సుమారు మూడింట రెండు వంతులు కోవిడ్ గొడవలో టెస్టులూ మందులూ దోమతెరలూ అందకే.

అందుకని జ్వరం మొదలైన రోజు, టైమ్ ఒక కాగితం మీద రాసెయ్యండి. చిన్న పనిలా ఉంటది గానీ ఏ టెస్ట్ చెయ్యాలో దీన్నిబట్టే తేలుద్ది, డెంగీకి మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 (రక్తంలో వైరస్ ప్రొటీన్‌ని పట్టే టెస్ట్) చేస్తారు, ఆ తర్వాత ఐజీఎం (ఒంట్లో తయారైన యాంటీబాడీలని పట్టే టెస్ట్). మలేరియాకి స్లైడ్ (రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూడటం) గానీ ర్యాపిడ్ కిట్ గానీ, ఒకసారి నెగెటివ్ వచ్చినా జ్వరం అలాగే ఉంటే మర్నాడు మళ్ళీ చేయించుకోవాలి. మాస్క్ పెట్టుకుని వెళ్ళి, కోవిడ్ టెస్ట్‌తో పాటు ఇవి కూడా అదే రోజు చెయ్యమని అడగండి. ఒకటి పాజిటివ్ వచ్చింది కదా అని ఆగిపోవద్దు, ఎందుకంటే రెండూ కలిసి రావచ్చు, పైగా 2020లో సింగపూర్‌లో ఇద్దరికి ర్యాపిడ్ టెస్ట్‌లో డెంగీ అని వచ్చి, చివరికి చూస్తే అది కోవిడ్. వాసన తెలియకపోతే కోవిడ్, కళ్ళ వెనక నొప్పి ఉంటే డెంగీ, చలితో వణికితే మలేరియా అంటారు, నిజమే గానీ వాటిని నమ్ముకుని టెస్ట్ మానెయ్యకండి.

మందుల సంగతి. పారాసిటమాల్ ఒక్కటే, అదీ డోసు దాటకుండా. డెంగీ కాదని తేలేదాకా ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు, బ్లీడింగ్ రిస్క్ పెరుగుద్ది (గుండె జబ్బుకి రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఆపొద్దు). ఇంకోళ్ళకి కోవిడ్ అప్పుడు రాసిన చీటీ చూసి స్టెరాయిడ్లు, రక్తం పల్చబడే మందులు కొనేసుకోవడం నాకైతే అన్నిటికన్నా భయం. స్టెరాయిడ్ పనిచేసింది ఆక్సిజన్ అవసరమైనంత సీరియస్ కోవిడ్‌కి, మామూలు జ్వరానికి కాదు. నీళ్ళు, ఓఆర్‌ఎస్ తాగడం మంచిదే, కానీ ఇంట్లోనే సెలైన్ ఎక్కించుకోవద్దు, డెంగీకి ద్రవాలు కావాలి, కోవిడ్‌తో దెబ్బతిన్న ఊపిరితిత్తులకేమో ఎక్కువైతే ప్రమాదం, ఆ లెక్క డాక్టరే చూసుకోవాలి.

అందరూ ప్లేట్‌లెట్ల నంబర్ పట్టుకుని కూర్చుంటారు గానీ అసలు కనిపెట్టుకుని ఉండాల్సింది జ్వరం దిగిన రోజు. డెంగీ ముదిరేది మూడు నుంచి ఏడో రోజు మధ్య, సరిగ్గా "హమ్మయ్య తగ్గింది" అనుకునే టైమ్‌లో. కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చేతులు కాళ్ళు చల్లబడటం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, మనిషి మత్తుగా అయిపోవడం, వీటిల్లో ఒక్కటి కనపడినా వెంటనే హాస్పిటల్‌కి. ఆక్సీమీటర్ 94 కన్నా తక్కువ చూపించినా అంతే, కానీ 98 ఉంది కదా అని ధైర్యంగా కూర్చోకండి, డెంగీలో ఆక్సిజన్ బాగానే ఉండి బీపీ పడిపోవచ్చు.

ఐసొలేషన్ రూమ్‌లో ఇంకో చిక్కు. వైరస్ పోవాలంటే కిటికీలు తియ్యాలి, తీస్తే దోమలొస్తాయి. కిటికీకి మెష్ కొట్టండి, లేకపోతే మంచానికి తెర, పగలు కూడా, డెంగీ దోమ కుట్టేది పగలే కదా. జ్వరం ఉన్న మొదటి రోజుల్లో డెంగీ పేషెంట్‌ని కుట్టిన దోమ ఇంట్లో మిగతావాళ్ళకి అంటిస్తుంది, దానికి మాస్క్ అడ్డం కాదు.

ఇక ఇంట్లో నిలవున్న నీళ్ళు. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు పడుతుంది, కాబట్టి వారానికోసారి పారబోస్తే చాలు, కానీ పారబోసి వదిలెయ్యకండి. నీటి గీతకి కాస్త పైన డ్రమ్ము లోపలి గోడకి నల్లటి నలుసుల్లా గుడ్లు అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి, అందుకే బ్రష్‌తో గట్టిగా రుద్దాలి. డ్రమ్ములో చెయ్యి నీడ పడేలా వంగి చూడండి, గబుక్కున కిందికి మునిగే పురుగులు కనిపిస్తే అవే. లాక్‌డౌన్‌లో నెలల తరబడి మూసేసిన ఆఫీసు, స్కూలు తెరిచేటప్పుడు వాడకుండా పడి ఉన్న ఫ్లష్ ట్యాంకులూ, ఏసీ నీళ్ళ బకెట్లూ ముందు చూడండి, ఫ్లోర్ తుడవడం తర్వాత.