మార్చి 31 లెక్కలకు ముందు క్యాలిక్యులేటర్ జాగ్రత్తలు

బెంగళూరు చిక్‌పేటలో తెలుగువాళ్ల బట్టల దుకాణాలకు లెక్కలు రాస్తుంటాను. ఏడాది మొత్తాలు వేయడానికి కూర్చునే ముందు ఇవి చూసుకోండి.

• పక్కకు జరిపే చిన్న మీట 'ఏ' దగ్గర ఉంటే 'ఎఫ్'కు మార్చండి. 'ఏ'లో చివరి రెండు అంకెలు పైసలైపోతాయి. 1250 కొట్టి కూడిక గుర్తు నొక్కితే 12.50 కనిపిస్తుంది. దుమ్ము తుడిచినా ఈ మీట కదులుతుంది. నిరుడు ఒక పేజీ మొత్తం వందో వంతుకు పడిపోతే, తప్పు చిట్టాలో ఉందనుకుని సాయంత్రమంతా బిల్లులు తిరగేశాను!

• తెర మూలన 'ఎం' కనిపిస్తోందా? పాత మొత్తం ఇంకా లోపలే ఉంది. చాలా వాటిలో ఎంఆర్‌సీ రెండుసార్లు నొక్కితేనే పోతుంది.

• జీఎస్టీ కలిసిన ధర మీద శాతం గుర్తు వాడకండి. 1050లో 5 శాతం 52.50 వస్తుంది, అసలు పన్ను 50 మాత్రమే. 1.05తో భాగిస్తే సరుకు ధర 1000 తేలుతుంది.

• కూడిక, గుణకారం ఒకే వరసలో కొట్టకండి. 2 + 3 × 4 అంటే దుకాణపు యంత్రం 20 చూపుతుంది. పిల్లల సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ చూపే 14 సరైనది.

• అంకె తప్పితే సీఈ నొక్కండి, ఏసీ కాదు. ఏసీతో కూడినదంతా పోతుంది.

• జీటీ (గ్రాండ్ టోటల్) బటన్ ప్రతి '=' జవాబునూ కలుపుకుంటుంది. సరిచూసుకోవడానికి వేసిన లెక్క కూడా అందులో చేరుతుంది.