పిల్లలకు ఇంట్లో మందు: జ్వరం తగ్గకపోయినా, కక్కేసినా, ఎక్కువ పడినా ఏం చేయాలి?

తిరుపతిలో మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడే వాడికి రోజూ వినబడే మాట ఒకటుంది: "అన్నా, 5 ఎంఎల్ పోసినాం, జ్వరం దిగలే." ఏ సీసాలోంచి 5 ఎంఎల్ అని అడిగితే మాత్రం జవాబు రాదు. పిల్లల మందుల్లో వచ్చే తేడాలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

సమస్య: సిరప్ పోసినా జ్వరం తగ్గట్లేదు

మొదటి కారణం బరువు. పారాసిటమాల్ లెక్క వయసును బట్టి కాదు, కిలోల్ని బట్టి. ఒక్కో డోసుకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుకూ డోసుకూ మధ్య 4 నుంచి 6 గంటలు, 24 గంటల్లో నాలుగు సార్లకు మించకూడదు. పోయినేడు డాక్టరు రాసిన చీటీ దాచిపెట్టుకుని ఇప్పుడూ అంతే పోస్తుంటారు. బిడ్డ ఈలోగా రెండు మూడు కిలోలు పెరిగింది కదా, పాత డోసు ఎక్కడ చాలుతుంది?

రెండో కారణం సీసా, అసలు గొడవంతా దీనిదే. పసిపిల్లలకిచ్చే డ్రాప్స్‌లో సాధారణంగా 1 ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మామూలు సిరప్‌లో 5 ఎంఎల్‌కు 120 లేదా 125, కొంచెం పెద్ద పిల్లల సిరప్‌లో 5 ఎంఎల్‌కు 250. అంటే 10 కిలోల బిడ్డకు డ్రాప్స్ అయితే 1 నుంచి 1.5 ఎంఎల్, 125 సిరప్ అయితే 4 నుంచి 6, 250 సిరప్ అయితే 2 నుంచి 3 ఎంఎల్. ఇప్పుడు పక్కింటామె తన బిడ్డకు 5 ఎంఎల్ పోశానంటే, మీరు డ్రాప్స్ సీసాలోంచి 5 ఎంఎల్ పోశారనుకోండి, ఒకేసారి 500 మిల్లీగ్రాములు కడుపులోకి పోయినట్టే, అంటే మూడు రెట్ల పైనే. అదే తిరగేసి, డ్రాప్స్ కోసం చెప్పిన 1 ఎంఎల్‌ను సిరప్‌లోంచి పోస్తే 25 మిల్లీగ్రాములు, ఏ మూలకూ చాలదు.

పరిష్కారం: సీసా తిప్పి, 'ఈచ్ 5 ఎంఎల్ కంటైన్స్' అనో 'ఈచ్ ఎంఎల్' అనో ఉండే చిన్న అక్షరాలు చూడండి, పక్కనున్న అంకె ఎంతో చూడండి, ఆ తర్వాతే మూత తీయండి. కళ్లకు ఆనకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకోండి. వంటింటి స్పూన్ వద్దు, ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు.

అమ్మ పోసి ఆఫీసుకు వెళ్లాక, తెలియక అవ్వ మళ్లీ పోయడం కూడా మామూలే. గోడ మీద టీటీడీ క్యాలెండర్ ఎలాగూ ఉంటుంది, ఆ తేదీ గడిలోనే ఎవరు, ఎన్నింటికి, ఎంత పోశారో రాయండి.

ఇంకోటి, 103 ఉన్న జ్వరం గంటలో 101కి దిగి, బిడ్డ లేచి ఆడుకుంటుంటే మందు పనిచేసినట్టే. పూర్తిగా దిగలేదని టెన్షన్ పడి ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ కలిసిన సిరప్‌లు సొంతంగా కొనకండి. మన వైపు అక్టోబరు నుంచి వానలు, దోమలు, డెంగీ. డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే, ఎందుకంటే మిగతావాటితో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 దాటితే ఇంటి వైద్యం మాటే లేదు, నేరుగా ఆస్పత్రికే.

సమస్య: పోయగానే కక్కేస్తున్నాడు

కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, ఉగ్గు గిన్నెతో గొంతులోకి ఒంచేయడం. అవ్వలు ఎంత ప్రేమగా చేసినా మందు ఊపిరితిత్తుల్లోకి పోయే దారి అది. కూర్చోబెట్టి, సూది లేని సిరంజితో బుగ్గ లోపలి పక్కకు కొంచెం కొంచెంగా వదలండి, మింగాక ఇంకొంచెం. సీసా పాలల్లో కలపొద్దు, సగం పాలు వదిలేస్తే ఎంత మందు పడిందో ఎవరికీ తెలియదు. పారాసిటమాల్ పోసిన అరగంటలోపు వాంతి చేసుకుంటే అదే డోసు ఒకసారి మళ్లీ ఇవ్వొచ్చు, అరగంట దాటితే తర్వాతి టైమ్ వచ్చేదాకా ఆగండి.

సమస్య: దగ్గు సిరప్ మార్చినా తగ్గట్లేదు, బిడ్డ మత్తుగా పడుంటోంది

జలుబు సిరప్‌లు కొన్నింటిలో నిద్రమత్తు తెచ్చే క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, కొన్నింటిలో పారాసిటమాల్ కూడా. జ్వరం మందు పైన ఇదీ పోస్తే రెండు డోసులు పడ్డట్టే. రెండేళ్లలోపు వాళ్లకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, అయిదేళ్లలోపు కూడా సాధారణంగా వద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ డాక్టర్లకు చెప్పింది. ఆ ఏడాది మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసిన సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం తేలింది. అది తయారైంది ఎక్కడో కాదు, మన పక్కనున్న కాంచీపురం జిల్లాలో. ఏడాది దాటిన బిడ్డకు అర స్పూను తేనె నాకిస్తే మామూలు దగ్గుకు చాలు. ఏడాదిలోపు తేనె అసలు వద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా డాక్టరే దిక్కు.

సమస్య: యాంటీబయాటిక్ అడుగున గడ్డకట్టింది

పొడి సీసాను ముందు తట్టి వదులు చేయాలి. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా ఒకేసారి కాకుండా రెండు విడతలుగా పోసి బాగా ఊపండి. ప్రతిసారీ పోసే ముందు కూడా ఊపాలి. ఫ్రిజ్‌లో పెట్టాలా, ఎన్ని రోజులు వాడొచ్చో లేబుల్ మీదే ఉంటుంది. మే నెలలో కొండకు వెళ్తూ కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన సీసాను నేనైతే వాడను.

సమస్య: విరేచనాలకు ఓఆర్ఎస్ ఇచ్చినా నీరసం

పెద్ద ప్యాకెట్‌లోంచి చిటికెడు గ్లాసులో వేసి కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. 21 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. అయినా మూత్రం తగ్గిపోతే, కళ్లు లోతుకు పోతే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

సమస్య: ఎక్కువ పడింది, లేదా బిడ్డే సీసా ఎత్తి తాగేసింది

వేళ్లు పెట్టి కక్కించొద్దు, ఉప్పునీళ్లు తాగించొద్దు. పారాసిటమాల్‌తో చిక్కేమిటంటే మొదటి రోజు బిడ్డ బాగానే ఆడుకుంటూ ఉంటుంది, లివర్ దెబ్బతిన్న సంగతి తర్వాత బయటపడుతుంది. విరుగుడు మందు ఎన్‌ఎసిటైల్‌సిస్టీన్ 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, అందుకే పొద్దున చూద్దాంలే అనుకోకుండా 108కి ఫోన్ చేయండి, లేదా ఆటో ఎక్కి తిరుపతి రుయా ప్రభుత్వాస్పత్రికి వెళ్లండి. చిత్తూరు వాళ్లయితే జిల్లా ఆస్పత్రికి. వెళ్లేటప్పుడు ఆ సీసా చేతిలో ఉండాలి, ఎంత మిగిలిందో చూస్తేనే ఎంత తాగిందో డాక్టరు లెక్కకట్టగలరు.