క్లచ్ స్లిప్ అవుతోందా? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూడండి

యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి మాత్రం ఊపందుకోదు. ఎత్తు ఎక్కేటప్పుడు మాడు వాసన కూడా వస్తుంటే, పాత కారులో క్లచ్ ప్లేటు అరిగిందనే అనుకుంటాం. చాలావరకు నిజం కూడా అదే. అయినా ముందు పెడల్ చూడండి. కేబుల్ క్లచ్ అయితే పెడల్‌ను చేత్తో నొక్కితే మొదట కొంచెం వదులుగా దిగాలి. ఆ వదులు లేదంటే, మీరు కాలు తీసినా క్లచ్ కాస్త తొక్కి పెట్టినట్టే ఉంటుంది. అలా వదిలేస్తే కొత్త ప్లేటు కూడా మాడిపోతుంది. కేబుల్ సరిచేస్తే స్లిప్ పోవచ్చు. తనంతట తాను అడ్జస్ట్ అయ్యే కేబుల్‌కి ఈ పరీక్ష పనికిరాదు.

గేరు పడేటప్పుడు కరకరమంటుంటే క్లచ్ పూర్తిగా విడటం లేదేమో చూడాలి. కేబుల్ బదులు ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ అయితే ఫ్లూయిడ్ మట్టం చూడండి; మాస్టర్ సిలిండర్ (పెడల్ వైపుది), స్లేవ్ సిలిండర్ (గేర్‌బాక్స్ వైపుది) దగ్గర తడి ఉందేమో చూడండి. లైన్లో గాలి చేరితే బ్లీడ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటకు తీసేయాలి.

శబ్దం పెడల్ తొక్కినప్పుడే వస్తే అనుమానం రిలీజ్ బేరింగ్ (తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే బేరింగ్) మీదే. న్యూట్రల్‌లో కాలు తీస్తే వచ్చి, తొక్కితే పోయేది గేర్‌బాక్స్ లోపలి బేరింగ్ శబ్దం కావచ్చు. దానికి క్లచ్ మార్చినా లాభం లేదు.

కదిలేటప్పుడు వణుకు ఉంటే ముందు ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) చూడండి.

ఇక గేర్‌బాక్స్ దించక తప్పదంటే, బ్యాటరీ నెగటివ్ తీసేసి, కారును స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకు దూరొద్దు. గేర్‌బాక్స్ బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ ప్లేటులోకి దూరే కడ్డీ) మీద వేలాడకుండా కింద రెండో జాకీ పెట్టాలి, లేకపోతే ప్లేటు వంగుతుంది. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. దుమ్మును గాలితో ఊదకుండా, తగిన మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

అసలు సంగతి ఇక్కడే తేలుతుంది. ప్లేటు నూనెతో తడిసి ఉంటే అది అరుగుదల కాదు, సీల్ లీకు. నల్లటి నూనె అయితే ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీల్, గంధకం కంపు కొడితే గేర్‌బాక్స్ సీల్. లీకు ఆపకుండా కొత్త క్లచ్ సెట్టు వేయడం డబ్బు దండగ. ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఆనే ఇంజిన్ చక్రం) మీద నీలి మచ్చలు, సన్న పగుళ్లు వెతకండి. మచ్చలకు లేత్ పట్టించవచ్చు, లోతైన పగుళ్లుంటే మార్చాల్సిందే. ప్లేటు, ప్రెషర్ ప్లేటు (ప్లేటును ఫ్లైవీల్‌కి అదిమే భాగం), రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చడమే నా సలహా. ఒక్క బేరింగ్ కోసం మళ్లీ ఇదంతా విప్పాలా?

బిగించేటప్పుడు ప్లేటు మీద ముద్రించిన 'ఫ్లైవీల్ వైపు' గుర్తు చూసి, అలైన్‌మెంట్ టూల్‌తో మధ్యలో నిలపండి. బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. చివరి టార్క్ (ఎంత బలంతో బిగించాలో) మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. స్ప్లైన్‌కి (షాఫ్ట్ మీది గాడులకి) పూత మాత్రం గ్రీజు చాలు, ఎక్కువైతే ప్లేటు మీదకు చిమ్ముతుంది. గేర్‌బాక్స్ చివరి అంగుళం ఎక్కకపోతే బోల్టులతో లాగొద్దు. ప్లేటు మధ్యలో లేకపోయి ఉండొచ్చు. ప్రెషర్ ప్లేటు వదులు చేసి మళ్లీ సరిపెట్టండి.