మూలనపడ్డ ఫోర్‌వీల్ పికప్‌ను తుపాన్లకు ముందే రోడ్డెక్కిస్తున్నారా?

ఉద్దానం కొబ్బరితోటలోనో, చీపురుపల్లి వైపు పాత రైసుమిల్లు పెరట్లోనో పదేళ్లుగా టార్పాలిన్ కింద నిలబడిన జీపు పికప్‌ను బయటికి తీస్తే, అందరూ చేసే మొదటి పని కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం. అదే వద్దు. ఇంజిన్ మోగిన హుషారులో బండి గేటు దాటేస్తుంది, బ్రేకు సంగతి మొదటి పల్లంలో గుర్తొస్తుంది. ముందు బ్రేకులు, తర్వాత హబ్బులూ కమాన్లూ (బండి బరువు మోసే స్ప్రింగు పట్టాలు) టైర్లూ, ఇంజిన్ ఆఖరున.

తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది. గులాబ్ 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర దాటింది. అంటే సెప్టెంబర్ మూడో వారానికల్లా బండి చేతికి రావాలి. వీల్ సిలిండర్లు (చక్రం దగ్గర బ్రేకును నొక్కేవి), రబ్బరు సామాను, లేత్ పనులు అనుకున్న రోజుకి రావు కాబట్టి జూన్ నెలాఖరుకే విప్పడం మొదలుపెట్టండి. రంగు పని మాత్రం వానల్లో పెట్టుకోవద్దు. తేమ మీద కొట్టిన ప్రైమర్ కింద తుప్పు పనిచేస్తూనే ఉంటుంది, నాలుగు నెలల్లో పొక్కులు లేస్తుంది. రంగు సంక్రాంతి తర్వాత చూసుకోవచ్చు.

జాకీ ఎక్కించే ముందు

పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాల్లో ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందూ వెనకా చక్రాలకి పంచే పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాలకి బలం తీసుకెళ్లే పొడవాటి కడ్డీ) మొదట్లో చిన్న డ్రమ్ము ఉంటుంది, లివరు లాగితే పట్టేది దాన్నే. ఇది తెలియక కాళ్లు విరగ్గొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వెనక ఒక చక్రాన్ని జాకీతో లేపారనుకోండి. షాఫ్ట్ కదలకుండా బిగిసే ఉంటుంది. కానీ నేల మీదున్న చక్రం ముందుకు దొర్లితే, గాల్లో ఉన్న చక్రం డిఫరెన్షియల్ (రెండు చక్రాల్నీ వేర్వేరుగా తిరగనిచ్చే పళ్ల అమరిక) వల్ల వెనక్కి తిరుగుతుంది. హ్యాండ్‌బ్రేకు లాగి ఉన్నా, గేర్లో ఉన్నా బండి జాకీ మీంచి జారిపోతుంది. వెనక షాఫ్ట్ విప్పేశాక టూ వీల్లో (బలం వెనక చక్రాలకే వెళ్లేలా) ఉన్న బండికి హ్యాండ్‌బ్రేకూ లేనట్టే, గేరూ లేనట్టే. అందుకని నేల మీదున్న చక్రాలకి రెండు పక్కలా చెక్కముక్కలు బిగించి, లేపాక ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాకే కిందికి దూరండి. ఇటుకలు వద్దు, బరువు ఒక మూల మీద పడితే చెప్పకుండా పగులుతాయి.

చక్రం విప్పేటప్పుడు మరో సంగతి. పాత జీపుల్లో ఎడమ పక్క చక్రాల నట్లకి చాలాసార్లు ఎదురు మర ఉంటుంది, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితేనే ఊడుతుంది. స్టడ్ చివర ఎల్ అక్షరం కొట్టి ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి. చూసుకోకుండా పాన మీద ఎక్కి తొక్కితే నట్టు ఇంకా బిగుసుకుని స్టడ్డే తెగుతుంది.

బ్రేకులు

ఈ తరం బళ్లలో చాలావాటికి నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే బ్రేకు లైను. ఒక చక్రం దగ్గర పైపు చిల్లి పడినా నాలుగు బ్రేకులూ పోతాయి. కాబట్టి ‘కారుతున్నది ఒక్కటే కదా, దాన్ని మారుద్దాం’ అనే లెక్క ఇక్కడ పనికిరాదు. మాస్టర్ సిలిండర్ (పెడలు తొక్కితే ఆయిల్‌ను తోసేది) కిట్టు, నాలుగు చక్రాల వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులన్నీ ఒకేసారి మార్చండి. ఛాసిస్ వెంబడి పోయే ఇనుప పైపుల్ని క్లిప్పుల దగ్గర విప్పి చూడాలి, తుప్పు తినేది ఆ క్లిప్పు కిందే. భావనపాడు, బారువ, చింతపల్లి లాంటి తీరం ఊళ్లలో నిలబడిన బండికైతే పైపులు కూడా కొత్తవే వేయించండి.

పాత హోసు బయటికి బాగానే కనిపిస్తుంది. లోపల రబ్బరు ఉబ్బి దారి మూసుకుంటుంది. కాలు బలానికి ఆయిల్ చక్రం దాకా వెళ్తుంది గానీ వెనక్కి రాదు, బ్రేకు పట్టుకుపోయి డ్రమ్ము కాలిపోతుంది.

డ్రమ్ము విప్పాక లోపలి దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. నీళ్లు చల్లి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. సిలిండర్ల లోపలి రబ్బరు కప్పుల్ని డీజిలుతోనో కిరసనాయిలుతోనో కడిగితే ఉబ్బిపోతాయి. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. ఆయిల్ డాట్ 3, మూత తెరవని డబ్బాది. సగం వాడి పక్కన పెట్టిన డబ్బా మన తీరం గాల్లోని తేమ తాగేసి ఉంటుంది. అది డ్రమ్ము వేడికి ఆవిరై, ఘాట్ దిగేటప్పుడు పెడలు నేలకి దిగిపోతుంది.

బ్రేకు లైన్లో చేరిన గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కి దూరపు చక్రం నుంచి మొదలుపెట్టాలి. మన బళ్లకి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. పెడలు కింద సుమారు అర అంగుళం ఆట ఉంచండి. ఆట లేకపోతే మాస్టర్ సిలిండర్లో ఆయిల్ తిరిగొచ్చే సన్నని రంధ్రం మూసుకునే ఉంటుంది, బ్రేకులు వాటంతటవే బిగుస్తాయి. అంతా అయ్యాక పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. నెమ్మదిగా దిగుతోందంటే, బయట చుక్క కారకపోయినా లోపల కప్పు వదిలేస్తోంది.

హబ్బులు, కమాన్లు, టైర్లు

హబ్బు (చక్రం మధ్య భాగం) బేరింగుల పాత గ్రీజు పూర్తిగా కడిగి, కొత్తది అరచేతిలో వేసుకుని రోలర్ల మధ్యకి ఎక్కేలా నొక్కాలి. పైపైన పూస్తే సరిపోదు. బిగింపు దగ్గర చాలామంది తప్పుతారు. చక్రం తిప్పుతూ లోపలి నట్టు బరువుగా తగిలేదాకా బిగించి, ఆరు ముఖాల నట్టులో ఒక ముఖం అంత వెనక్కి వదిలి, లాక్ వాషర్ వేసి పై నట్టు బిగించాలి. వదలకపోతే బేరింగు మాడుతుంది, ఎక్కువ వదిలితే చక్రం ఊగుతుంది.

కమాను పట్టాల్లో పగులు సాధారణంగా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే వస్తుంది. కమాన్లను ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ అవే వేయకండి, కొత్తవి తెండి. ఛాసిస్ తుప్పును సుత్తితో తట్టి చూడండి, గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మెత్తగా పలుకుతుంది. వెల్డింగు అవసరమైతే బ్యాటరీ వైర్లు విప్పి, డీజిల్ ట్యాంకు దించి దూరంగా పెట్టాకే మంట వెలిగించండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, దానికి ఇంటి దగ్గర వెల్డింగు పెట్టనే పెట్టొద్దు. ఛాసిస్ పనికి సాలూరు లారీ షెడ్లలో మంచి చేతులు దొరుకుతాయి. జిల్లాలు విడిపోయి సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా బళ్లు ఇంకా అటే వెళ్తున్నాయి.

టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి. 1216 అంటే 2016లో 12వ వారంలో తయారైందని. పైన గుండ్లు (నేలను పట్టే గట్లు) బాగున్నా ఇంత పాతది వద్దు. నాలుగూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలి. లేకపోతే ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందూ వెనకా చక్రాలు వేర్వేరుగా తిరగబోయి షాఫ్టుల కీళ్లలోని క్రాసులు, గేరు పళ్లు అరిగిపోతాయి.

ఆయిళ్లు, ఇంజిన్

గేరుబాక్సుకైనా హౌసింగుకైనా (ఇరుసు మీద డిఫరెన్షియల్ ఉండే పెట్టె) ముందు పోసే ప్లగ్గు ఊడుతుందో లేదో చూసి, ఆ తర్వాతే కింది ప్లగ్గు విప్పండి. ఆయిల్ మొత్తం దించేశాక పై ప్లగ్గు రాకపోతే బండి అక్కడే.

పదేళ్లు తిరగని ఇంజిన్‌కి నాజిళ్లు (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి) విప్పి, ఒక్కో సిలిండర్లో రెండు మూడు చెంచాల ఇంజిన్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున హ్యాండిల్‌తో చేత్తో తిప్పాలి. బిగిసి ఉంటే బలవంతం చేయొద్దు, సెల్ఫ్ అసలే కొట్టొద్దు. నాజిళ్లు లేనప్పుడు రంధ్రాల మీదికి మొహం వంచకండి. ట్యాంకులో పాత డీజిల్ మొత్తం పారబోసి ఫిల్టర్లు మార్చండి.

స్టార్ట్ చేసేముందు ఆపే కేబులు పనిచేస్తోందో చూడండి. ఈ డీజిల్ ఇంజిన్లలో చాలావాటికి తాళం తిప్పితే ఇంజిన్ ఆగదు. డీజిల్ పంపులో ఇంధనాన్ని తగ్గించీ పెంచే ర్యాకు పట్టేసి ఉంటే ఇంజిన్ ఒక్కసారిగా రేసెక్కుతుంది. అప్పటికి గాలి దారిని మూయడానికి మందపాటి చెక్క ఒకటి పక్కనే ఉండాలి. అరచెయ్యి అడ్డుపెట్టొద్దు.

ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తీసిపారేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వినకండి. రేడియేటర్లో బోరునీళ్లు కాకుండా కూలెంట్ పోయండి.

కాగితాలు

ఆర్సీలో గూడ్స్ అని ఉంటే, 8 ఏళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. సొంత వాహనమైతే 15 ఏళ్ల తర్వాత అయిదేసి ఏళ్లకి రెన్యువల్. ఇంజిన్ ఎప్పుడైనా మార్చి ఉంటే ఆ నంబరు ఆర్సీలో ఎక్కిందో లేదో డబ్బు ఖర్చుపెట్టకముందే చూసుకోండి. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసే నిబంధన 2021లో వచ్చింది గానీ, ఆ నంబరుతో రోజూ రోడ్డెక్కే వీలు లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, ఇంధనం, మరమ్మతు లాంటివాటికే. పనికోసం బండి కావాలంటే అది మీకు కాదు.

మొదటి పరుగు, మొదటి వాన

ఫోర్‌వీల్‌ను పొడి తారురోడ్డు మీద పరీక్షించకండి. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి మలుపులో షాఫ్టులు మెలిపడి లివరు ఇరుక్కుంటుంది. అలా జరిగితే నాలుగడుగులు వెనక్కి నడపండి, వదులుతుంది. పరీక్షకి దుక్కి నేల గానీ ఇసుక గానీ మేలు. లో గేరు బండి పూర్తిగా ఆగాకే వేయాలి.

మొదటి పది కిలోమీటర్లకి ఆగి నాలుగు హబ్బుల మీదా చెయ్యి పెట్టండి. ఒకటి మాత్రమే చెయ్యి ఆననంత కాలుతుంటే బేరింగో బ్రేకో పట్టేస్తోంది. వంద కిలోమీటర్లకి యూ బోల్టులు, చక్రాల నట్లు మళ్లీ బిగించాలి.

వంశధార, నాగావళి పొంగి కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే, ఫోర్‌వీల్ అని దిగొద్దు. నీళ్లు తోసేస్తుంటే చక్రాలు నాలుగూ తిరిగినా ప్రయోజనం లేదు. నిలిచిన నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు, సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు నాజిళ్లు విప్పి తిప్పాలి. నీళ్లు దాటొచ్చిన మర్నాడు హౌసింగుల ప్లగ్గులు విప్పి వేలు పెట్టి చూడండి. వేడిగా ఉన్న హౌసింగు చల్లటి నీళ్లలో దిగితే బ్రీదర్ (గాలి ఆడే రంధ్రం) గుండా, పాత సీళ్ల గుండా నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే ఆ రోజే దించి కొత్తది పోయండి.