తుపాను ముందే అంబులెన్స్‌కు దారి చేయండి

విశాఖలో అక్టోబరు రాగానే మా అమ్మ బియ్యం డబ్బా చూసుకుంటుంది, నేను మందుల డబ్బా చూసుకుంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పెట్టిన అలవాటు ఇది. ఆ రోజు కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, వీధి నిండా కూలిన చెట్లు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 సేవ ఎంత గట్టిదైనా, ఫోను కలవకపోతే మన సంగతి దానికి తెలియదు. అందుకే తుపాను కబురు రాకముందే ఈ పనులు చేసుకోండి.

ముందు చిరునామా. ఎంవీపీ కాలనీలో సెక్టారు చెబితే సరిపోదు, ఇంటికి గుర్తు చెప్పాలి. అది చెట్టో హోర్డింగో కాకూడదు. హుద్‌హుద్ తర్వాత సొంత వీధి మలుపే పోల్చుకోలేక తికమకపడ్డవాళ్ళం మనం! గుడి, బడి, నీళ్ళ ట్యాంకు అయితే గాలికి పోవు. చిరునామా, రోగి వయసు, వాడే మందుల పేర్లు పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనుక అంటించండి. కంగారులో సొంత ఇంటి నంబరే గుర్తుకు రాదు. 108కు చెప్పాక ఆ ఫోనుతో బంధువులకు కబుర్లు చెప్పకండి, డ్రైవరు తిరిగి చేసేది దానికే. ఒకరు టార్చితో వీధి చివర నిలబడాలి.

గాలి జోరులో బండి కదలదు, కదలమనడం న్యాయమూ కాదు. తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మన మీదుగా పోయేటప్పుడు ఉన్నట్టుండి నిశ్శబ్దం అవుతుంది. అయిపోయిందని రోగిని బయటికి తీశారంటే ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. కాబట్టి నెలలు నిండిన గర్భిణులను ముందురోజే ఆసుపత్రికి దగ్గరగా చేర్చండి. డయాలసిస్ ఉన్నవారు ముందుగా చేయించుకోవడం గురించి డాక్టరును అడగండి. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం నడుస్తుంటే, కరెంటు పోయినా పనికొచ్చే సిలిండరు దగ్గరుండాలి. పాడేరు, అరకు వైపు కొండ ఊళ్ళలో మామూలు రోజుల్లోనే డోలీ మోతలు తప్పడం లేదు. అక్కడివారు వాన మొదలయ్యేదాకా ఆగకూడదు.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, రోగి చివరిసారి ఎప్పుడు బాగున్నారో గడియారం చూసి రాసుకోండి. అది పక్షవాతమైతే, రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా అప్పటి నుంచి నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.

అధికారులను అడగాల్సినవీ ఉన్నాయి. కొత్త బండ్లకు జెండా ఊపడం తేలిక. పాత బండ్ల టైర్లు, ఆక్సిజన్, రెండో షిఫ్టు డ్రైవరు సంగతి వానలకు ముందే తేల్చాలి. ఆసుపత్రి గుమ్మంలో స్ట్రెచరు ఖాళీ కాక బండి ఆగిపోతే, ఇంకో వీధిలో ఇంకొకరు ఎదురుచూస్తూ ఉంటారు.

ఇక మెట్లు. కరెంటు పోతే లిఫ్టు ఉండదు. గుండె నొప్పి, ఆయాసం ఉన్నవారిని నడిపించకూడదు. చేతులున్న గట్టి కుర్చీ, రెండు పాత దుప్పట్లు వాచ్‌మన్ గదిలో ఉంచండి. మా అపార్ట్‌మెంటులో ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి నాలుగో అంతస్తు నుంచి దించి చూశాం. రెండో అంతస్తు మలుపులో ఆగిపోయాం. అక్కడ ఎవరిదో సైకిలు, దాని వెనుక ఎండిపోయిన తులసి కుండీ.