నెట్‌వర్క్ సపోర్ట్ సరిగా లేక మీ వ్యాపారం ఎంత నష్టపోతోందో లెక్కకట్టడం ఎలా?

నెట్ పోతుంది, పని ఆగుతుంది. సపోర్ట్ వాళ్లకు ఫోన్ చేస్తే "రౌటర్ ఆపి ఆన్ చేయండి" అంటారు. చేస్తే వస్తుంది, అందరూ మళ్లీ పనిలో పడతారు. పోయిన ముప్పావు గంట మాత్రం ఏ పద్దులోకీ ఎక్కదు. సపోర్ట్‌కు నెలనెలా కట్టే డబ్బు పుస్తకంలో కనిపిస్తుంది కాబట్టి, ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ముందు దాన్నే కోసేస్తారు. అందుకే కనిపించని ఆ రెండో ఖర్చును ముందు కాగితం మీదకు తేవాలి.

1. ఒక నెలపాటు రాసిపెట్టండి

మామూలు నోట్‌బుక్ చాలు. ఎప్పుడు ఆగింది, ఎప్పుడు వచ్చింది, ఎంతమంది పని ఆగింది, సపోర్ట్‌కు ఎప్పుడు చెప్పారు, వాళ్లు ఎప్పుడు పలికారు, చివరికి కారణం ఏమని చెప్పారు అన్నవి రాయండి. పూర్తిగా ఆగినప్పుడే కాదు, నెమ్మదించినప్పుడూ రాయాలి. వీడియో కాల్ మధ్యలో తెగినా, ప్రింటర్ కనబడకపోయినా, ఫైల్ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పట్టినా అది రాయాల్సిన విషయమే.

2. గంటల్లోకి మార్చండి

20 మంది ఉన్న ఆఫీసులో 45 నిమిషాలు నెట్ ఆగితే 15 పని గంటలు పోయినట్టు. ఇది అందరికీ గుర్తుంటుంది. అదే ఆఫీసులో నెట్ నెమ్మదించి ఒక్కొక్కరికి రోజూ 10 నిమిషాలు పోతే? రోజుకు 200 నిమిషాలు. 25 పనిదినాలకు 5,000 నిమిషాలు, అంటే 83 గంటల పైమాటే. పెద్ద అంతరాయం కన్నా ఇది ఐదు రెట్లు ఎక్కువ, కానీ దీని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు, అలవాటైపోయి ఉంటుంది.

ఈ గంటలను ఒక ఉద్యోగి మీద గంటకు అయ్యే ఖర్చుతో గుణించండి. నెట్ లేకపోయినా కొంత పని నడిచే విభాగాలుంటే వాళ్ల గంటలు సగమే వేయండి. ఉన్నదానికన్నా పెంచి చూపిస్తే లెక్క మీద నమ్మకం పోతుంది. దీనికి చేజారిన అమ్మకాలు, ఓవర్‌టైమ్, ఆలస్యానికి కట్టిన జరిమానాలు విడిగా కలపండి.

చాలామంది మరిచిపోయే పద్దు ఇంకొకటుంది. ప్రతి ఆఫీసులో "కాస్త కంప్యూటర్ తెలిసిన" మనిషి ఒకరుంటారు. అకౌంట్స్ చూడాల్సిన ఆ మనిషి సగం రోజు కేబుళ్లు పీకి పెడుతూ గడుపుతారు. ఆ సమయం కూడా సపోర్ట్ ఖర్చే. పాపం, ఆయన సొంత పని ఆలస్యమైతే మాట పడేదీ ఆయనే.

3. అసలు కారణం అడగండి

"రీస్టార్ట్ చేశాం, సరిపోయింది" అన్నది కారణం కాదు. ఒక ఉదాహరణ చూడండి. నెట్‌వర్క్‌లో చేరే ప్రతి పరికరానికీ ఐపీ అడ్రస్ అనే ఒక నంబర్ కావాలి. చిన్న నెట్‌వర్క్‌లో సాధారణంగా ఇవి 254 మాత్రమే ఉంటాయి. ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, కెమెరాలు, అతిథుల ఫోన్లు అన్నీ కలిసి వాటిని తినేస్తే కొత్తగా వచ్చినవాళ్లకు నెట్ దొరకదు. చాలా రౌటర్లలో రీస్టార్ట్ చేస్తే పాత కేటాయింపులు చెరిగి నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ అదే కథ. మంచి సపోర్ట్ అయితే అతిథులకు వేరే నెట్‌వర్క్ ఇచ్చి ఒక్కసారితో ముగిస్తుంది. అలాగే, ఒకే కేబుల్ రెండు కొసలూ పొరపాటున ఒకే స్విచ్‌లో (ఆఫీసు నెట్ కేబుళ్లన్నీ కలిసే పెట్టెలో) పెడితే ఆఫీసు మొత్తం ఆగిపోవచ్చు. దీన్ని అడ్డుకునే సెట్టింగ్ చాలా స్విచ్‌లలో ఉంటుంది, ఎవరో ఒకరు ఆన్ చేయాలి.

4. ఒప్పందాన్ని మళ్లీ చదవండి

"గంటలో స్పందిస్తాం" అంటే గంటలో బాగుచేస్తామని కాదు. రెండింటికీ వేర్వేరు గడువులు రాయించుకోండి. 99 శాతం అందుబాటు అనే మాట బాగానే వినిపిస్తుంది గానీ, ఏడాదికి 87 గంటలకు పైగా ఆగినా మాట తప్పినట్టు కాదు. 99.9 శాతమైతే 9 గంటల లోపే.

రౌటర్, ఫైర్‌వాల్ (బయటి దాడులను అడ్డుకునే పరికరం) పాస్‌వర్డ్‌లు, సెట్టింగుల కాపీ మీ దగ్గర కూడా ఉండాలి. లేకపోతే సపోర్ట్ మార్చుకునే స్వేచ్ఛే ఉండదు.

అప్‌డేట్లు ఎవరు, ఎన్ని రోజుల్లో వేస్తారో కూడా రాయించండి. 2017 మేలో వన్నాక్రై వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ (దాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. అదే ఏడాది జూన్‌లో నాట్‌పెట్యా అనే మరో వైరస్ దాడి వల్ల తమకు 20 నుంచి 30 కోట్ల డాలర్ల నష్టం వచ్చిందని షిప్పింగ్ సంస్థ మెర్స్క్ అంచనా వేసింది. లాగిన్‌లను నడిపే దాని సర్వర్లు దాదాపు అన్నీ పోయినా ఘనాలో ఒకటి మిగిలింది. ఆ సమయానికి అక్కడ కరెంటు లేక అది నెట్‌వర్క్‌కు దూరంగా ఉంది, అంతే. మీ బ్యాకప్‌లలో ఒకటైనా నెట్‌వర్క్‌కు తగలకుండా ఉందో లేదో ఈ వారమే చూడండి. దాన్నుంచి ఒక ఫైల్ తిరిగి తెచ్చి చూస్తే ఇంకా మంచిది.

5. లెక్క ముందు పెట్టి మాట్లాడండి

సపోర్ట్ కంపెనీని వెంటనే మార్చేయనక్కర్లేదు. ఒక్కోసారి రెండో ఇంటర్నెట్ లైన్ వేసుకుంటే చాలు. అయితే రెండు లైన్లూ ఒకే కాలవలో నుంచి వస్తుంటే ఒక్క తవ్వకానికి రెండూ తెగుతాయి, అడిగి తెలుసుకోండి. ఒక్కోసారి ఏడెనిమిదేళ్ల పాత స్విచ్, చచ్చిపోయిన యూపీఎస్ బ్యాటరీ మారిస్తే సరిపోతుంది.

నెల నోట్‌బుక్‌ను సపోర్ట్ వాళ్లకు పంపి, కారణం గడి ఖాళీగా ఉన్న ప్రతి వరుసకూ జవాబు అడగండి. వచ్చే నెల కూడా రాయడం ఆపకండి. అప్పటికీ ఆ గడులు ఖాళీగానే ఉంటే, వేరేవాళ్లను వెతకడం మొదలుపెట్టండి.